పాత బుల్లెట్ 350: కంప్రెషన్ 62కి పడిపోయింది, బోరింగ్ చేయించాల్సిందేనా?

గుంటూరు_పాతబండి
అందరికీ నమస్కారం. బండి 1984 బుల్లెట్ 350. క్యాస్ట్ ఐరన్ బ్యారెల్, పాయింట్ల ఇగ్నిషన్, కుడికాలి గేర్లు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు నాలుగైదు కిక్కులకు లేస్తుంది. ఐదారు కిలోమీటర్లు తిరిగి ఆపితే మళ్ళీ లేవదు. అప్పుడు కిక్కు కొడితే కాలికి ఎదురు రాదు, మెత్తగా కిందికి దిగిపోతుంది. ఐడిల్ నిలబడదు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో పట్ పట్‌మని శబ్దం. పొగ లేదు.
కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) గేజ్ పెట్టి చూస్తే 62 పీఎస్ఐ. ప్లగ్గు రంధ్రంలోంచి ఇంజిన్ ఆయిల్ పోసి చూస్తే 88. ఆయిల్ పోస్తే పెరిగింది కాబట్టి రింగులు, బోరు పోయాయి, బోరింగ్ చేసి (సిలిండర్ లోపలి గోడను కోసి పెద్దది చేసి) కొత్త పిస్టన్ వేయాలి అంటున్నాడు మా మెకానిక్. ఒప్పుకోమంటారా?

ఆటోనగర్_లేత్
అప్పుడే ఒప్పుకోకండి. ముందు నాలుగు ప్రశ్నలు. ఆయిల్ ఎంత పోశారు? గేజ్ మరతో బిగించేదా, చేత్తో అదిమి పట్టే రబ్బరు కోనుదా? కిక్కు కొట్టేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా తెరిచే ఉందా? టాపెట్లు (వాల్వుల సందు సెట్టింగు) చూసి ఎన్నాళ్ళయింది? నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం.

గుంటూరు_పాతబండి
ఆయిల్ మూడు టీ చెంచాలు, 15 మి.లీ. ఉంటుంది. గేజ్ 14 మి.మీ. మరతో బిగించేదే. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఎనిమిది కిక్కులు. టాపెట్లు ఈ మధ్య ఎవరూ ముట్టుకోలేదు.

ఫీలర్‌గేజ్
తేడా ఆ 15 మి.లీ. దగ్గరే వచ్చింది. లెక్క చూడండి. బోరు 70, స్ట్రోకు 90, అంటే 346 సీసీ. ఆ కాలపు ఇంజిన్‌కి కంప్రెషన్ రేషియో 6.5 అనుకుందాం. 346ని 5.5తో (6.5లో ఒకటి తీసేస్తే) భాగిస్తే 63 సీసీ. పిస్టన్ పైకి వచ్చాక హెడ్డులో మిగిలే ఖాళీ అంతే. అందులో 15 సీసీ ఆయిలే ఆక్రమిస్తే ఖాళీ 48కి తగ్గుతుంది, రేషియో 6.5 నుంచి 8.2కి పెరుగుతుంది. రింగుల దగ్గర ఆయిల్ ఏ చిల్లూ మూయకపోయినా, కేవలం చోటు తగ్గినందుకే 62 చూపే గేజ్ 88, 89 దాకా వెళ్తుంది. అంటే మీకు పెరిగిన 26 పీఎస్ఐ రింగుల గురించి ఏమీ చెప్పలేదు.
వెట్ టెస్టుకి, అంటే ఇలా ఆయిల్ పోసి కొలవడానికి, ఒక్క టీ చెంచా, 5 మి.లీ. చాలు. ఆయిల్ పోశాక థ్రాటిల్ మూసి రెండు మూడు సార్లు మెల్లిగా కిక్కు తిప్పితే అది చుట్టూ పాకుతుంది, ఆ తర్వాత గేజ్ పెట్టాలి. 5 మి.లీ.కి కూడా చోటు వల్ల 62 కాస్తా 69 అవుతుంది. 85, 90కి దూకితేనే రింగులను అనుమానించాలి.
మొన్న పోసిన ఆయిల్ ఇంకా లోపలే ఉంటుంది. ప్లగ్గు తీసి, రంధ్రం మీద గుడ్డ కప్పి పది కిక్కులు కొట్టండి. తర్వాత బండి లేపి పది నిమిషాలు తిప్పి అది కాలిపోయాక మళ్ళీ కొలవండి.

బెజవాడ_సింగిల్
లెక్క బాగుంది అన్నా. అయితే గేజ్ కన్నా ముందు టాపెట్లు. కంప్రెషన్ పోయిందని నా దగ్గరికి వచ్చే పాత బుల్లెట్లలో ముందు చేయి పెట్టేది అక్కడే.
ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపిన బండిని పొద్దున చూడటం మంచిది, ఈ ఎండల్లో మధ్యాహ్నం ఆపితే సాయంత్రానికీ ఐరన్ బ్యారెల్ చల్లారదు. ప్లగ్గు తీయండి. బ్యారెల్ కుడివైపు అడుగున ఒకే నట్టుతో ఉండే టాపెట్ మూత తీయండి. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి కిక్కును చేత్తో మెల్లిగా నొక్కండి. గాలి వేలిని తోస్తుంటే అది కంప్రెషన్ స్ట్రోకు. అక్కడి నుంచి పిస్టన్‌ను పైదాకా తెచ్చి ఆపండి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర కూడా పిస్టన్ పైనే ఉంటుంది. అప్పుడు రెండు వాల్వులూ కాస్త తెరుచుకుని ఉంటాయి. ఆ స్థితిలో సెట్ చేస్తే అంతా తప్పే.
పుష్‌రాడ్‌ను (వాల్వును తెరిచే కడ్డీ) రెండు వేళ్ళతో తిప్పండి. సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఎగ్జాస్ట్‌ది ఇన్లెట్ కన్నా వెంట్రుకవాసి వదులుగా ఉన్నా నష్టం లేదు. తిరగకపోతే మటుకు వాల్వు పూర్తిగా సీటు మీద కూర్చోవడం లేదు. మంట ఆ సందులోంచి పోతూ వాల్వు అంచును కాలుస్తుంది. వేడెక్కాక లేవకపోవడం, సైలెన్సర్‌లో చప్పుడు, రెండూ దానికి సరిపోతాయి.
ఇంకోటి డీకంప్రెసర్, కిక్కు తేలిగ్గా తిరగడానికి హెడ్డులోంచి గాలి వదిలే చిన్న వాల్వు. కేబుల్ బిగువుగా ఉంటే ఆ చిన్న వాల్వు కొంచెం తెరుచుకునే ఉంటుంది. హెడ్డు దగ్గర కేబుల్ పూర్తిగా విప్పేసి కొలిస్తే ఆ అనుమానం తీరిపోతుంది. తిరిగి తగిలించేటప్పుడు లీవరు దగ్గర 2, 3 మి.మీ. ఖాళీ ఆట వదలండి.

మిర్చియార్డు_రైడర్
సైలెన్సర్ చప్పుడుకి పాయింట్ల ఇగ్నిషన్‌లో ఉండే కండెన్సర్ కూడా కారణం కావచ్చు కదండీ? వేడెక్కితే లేవకపోవడానికి మా ఊళ్ళో ముందు దాన్నే మారుస్తారు.

బెజవాడ_సింగిల్
కావచ్చు, కాకపోతే కండెన్సర్ పోయినంత మాత్రాన కిక్కు మెత్తబడదు. ఈయన కాలికి ఎదురు రావడం లేదంటున్నారు. అది గాలి సంగతి, కరెంటు సంగతి కాదు. ముందు గాలి ఎక్కడికి పోతోందో తేలాలి.

ఫీలర్‌గేజ్
గేజ్ గురించి ఒక మాట. గాలిని వెనక్కి రానీయని చిన్న వాల్వు గొట్టానికి ప్లగ్గు వైపు చివర ఉండాలి. గేజ్ వైపు ఉంటే గొట్టంలోని ఖాళీ అంతా హెడ్డు ఖాళీకి కలుస్తుంది. 63 సీసీ ఉన్న ఇంజిన్‌కి ఇంకో 8, 10 సీసీ కలిస్తే మంచి ఇంజిన్ కూడా తక్కువే చూపిస్తుంది. గేజ్ మర పొడవు మీ ప్లగ్గు మర పొడవుకు సమానంగా ఉండాలి. పొడవైతే వాల్వుకో పిస్టన్‌కో తగిలే ప్రమాదం ఉంది. ఇగ్నిషన్ తాళం తీసి పెట్టుకుని, సూది ఇక కదలదన్నదాకా కిక్కు కొట్టండి.
మొదటి కిక్కుకు సూది ఎంత లేచిందో కూడా రాసుకోండి. రింగులు అరిగితే మొదటి కిక్కుకు తక్కువ లేచి, తర్వాత ఒక్కో కిక్కుకూ పెరుగుతూ పోతుంది. వాల్వు కారుతుంటే మొదటా తక్కువే, తర్వాత కూడా పెద్దగా ఎక్కదు.

గుంటూరు_పాతబండి
పొద్దున ఆరింటికి కూర్చుని చూశాను. ఇన్లెట్ పుష్‌రాడ్ వేళ్ళతో తిరుగుతోంది. ఎగ్జాస్ట్‌ది పట్టుకుని తిప్పినా కదల్లేదు. సెట్ చేశాను. కేబుల్ విప్పేసి కొలిస్తే ఇవీ అంకెలు:
పొడిగా మొదటి కిక్కు 35, చివరికి 64.
5 మి.లీ. ఆయిల్‌తో చివరికి 72.
టాపెట్ వదులు చేస్తే బాగా పెరుగుతుందనుకున్నాను, రెండే పెరిగింది.

ఫీలర్‌గేజ్
64 నుంచి 72. ఆ ఎనిమిదీ ఆయిల్ ఆక్రమించిన చోటు ఖాతాలోకే పోతుంది. రింగుల మీద అనుమానం చాలావరకు తొలగినట్టే. ఆ ఇంజిన్‌కి 100 దరిదాపుల్లో ఉండాలి. ఎగ్జాస్ట్ వాల్వు బిగువుగానే చాలాకాలం తిరిగింది కాబట్టి అంచు అప్పటికే కాలిపోయి ఉంటుంది. ఇప్పుడు టాపెట్ వదులు చేసినా అది మూయదు.

ఆటోనగర్_లేత్
హెడ్డు దించేముందు గాలి పరీక్ష చేయండి, అరగంట పని. పాత ప్లగ్గు ఒకటి తీసుకుని పింగాణీ పగలగొట్టి తీసేయండి, కింద వంగిన కొమ్మను కూడా కోసేయండి, లేకపోతే ఊడి లోపల పడుతుంది. మిగిలిన ఇనుప మరకు ట్యూబు వాల్వు కాండాన్ని బ్రేజింగ్ చేయించండి. లోపలి పిన్ను తీసేస్తే గాలి నేరుగా పోతుంది. ఏ లేత్ షాపులోనైనా చేసిస్తారు. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి సరిపోతుంది.
పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకు పైన ఉండాలి, రెండు పుష్‌రాడ్లూ వేళ్ళతో తిరగాలి. టాప్ గేరులో వేసి వెనక బ్రేకు ఎవరైనా తొక్కి పట్టాలి. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2 కేజీలకు మించొద్దు. 70 మి.మీ. పిస్టన్ వైశాల్యం 38.5 చదరపు సెంటీమీటర్లు. 2 కేజీల గాలికే దాని మీద 77 కేజీల బరువు పడుతుంది, 5 కేజీలు పెడితే 190 దాటుతుంది. పిస్టన్ కాస్త పక్కకు ఉన్నా క్రాంకు విసురుగా తిరుగుతుంది. గాలి ఎక్కిస్తున్నంతసేపూ కిక్ రాడ్డు మీద కాలు గానీ, పాయింట్ల దగ్గర వేలు గానీ పెట్టొద్దు.
ఇక చెవి పెట్టండి. కార్బురేటర్ నోట్లో బుస కొడితే ఇన్లెట్ వాల్వు. సైలెన్సర్ చివర వస్తే ఎగ్జాస్ట్. బ్రీదర్ పైపులోంచి (ఇంజిన్ అడుగు భాగంలోని గాలి బయటికి పోయే గొట్టం) వస్తే రింగులు. హెడ్డు, బ్యారెల్ కలిసే గీత చుట్టూ, డీకంప్రెసర్ చుట్టూ, ప్లగ్గు చుట్టూ సబ్బు నీళ్ళు రాసి బుడగలు చూడండి. మంచి రింగులైనా సందులోంచి కొంచెం గాలి పోనిస్తాయి, బ్రీదర్‌లో సన్నటి శబ్దం వినగానే కంగారు పడొద్దు.

కృష్ణలంక_టూస్ట్రోక్
ఇదే పద్ధతి యెజ్డీ 250కి పనికొస్తుందా అన్నా? మాది కూడా వేడెక్కితే లేవదు. కంప్రెషన్ మాత్రం 110 చూపిస్తోంది.

ఆటోనగర్_లేత్
పైన 110 ఉందంటే పిస్టన్, రింగులు బాగున్నాయి. టూ స్ట్రోక్‌లో క్రాంక్‌కేసు కూడా గాలి బిగువుగా ఉండాలి, ప్లగ్గు దగ్గర పెట్టిన గేజ్‌కి అది కనపడదు. కార్బురేటర్ నోరు, రెండు సైలెన్సర్ పోర్టులూ రబ్బరుతో మూసి 6 పీఎస్ఐ ఎక్కించి, ఐదు నిమిషాలు నిలుస్తుందేమో చూడండి. దిగిపోతుంటే క్రాంక్ సీళ్ళు. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ తగ్గుతూ తెల్లపొగ కూడా వస్తుంది. దీనికి వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ బుల్లెట్ సంగతి తేలనిద్దాం.

గుంటూరు_పాతబండి
పరీక్ష చేశాను. సైలెన్సర్ చివర చేయి పెడితే గాలి చల్లగా తగులుతోంది, శబ్దం రెండడుగుల దూరానికి వినిపిస్తోంది. కార్బురేటర్ దగ్గర ఏమీ లేదు. బ్రీదర్ దగ్గర చెవి ఆనించి వింటే తప్ప తెలియనంత సన్నగా ఉంది. హెడ్డు చుట్టూ బుడగలు లేవు, డీకంప్రెసర్ చుట్టూ లేవు. హెడ్డు దించమంటారా?

బెజవాడ_సింగిల్
దించండి. ట్యాంకు, కార్బురేటర్, సైలెన్సర్ బెండు, డీకంప్రెసర్ కేబుల్, రాకర్లకు (పుష్‌రాడ్ తోస్తే వాల్వును నొక్కే మీటలు) ఆయిల్ పోయే బయటి పైపు తీశాక, పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు పైనే ఉంచి రాకర్లు తీయండి. అప్పుడు వాల్వ్ స్ప్రింగుల బరువు వాటి మీద ఉండదు. పుష్‌రాడ్లు తారుమారు కాకుండా ఇన్లెట్, ఎగ్జాస్ట్ అని దారం కట్టి పెట్టుకోండి. హెడ్డు నట్లు ఒకేసారి విప్పొద్దు. ఎదురెదురుగా పావు చుట్టు చొప్పున అన్నీ వదులు చేసి తర్వాత తీయాలి. హెడ్డు అతుక్కుని రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చకండి, అల్యూమినియం ముఖం మీద గీత పడితే గాస్కెట్ అక్కడే కారుతుంది. పోర్టుల కింద కర్ర పెట్టి మెల్లిగా తట్టండి.
దించాక ప్లగ్గు బిగించి, హెడ్డును బోర్లించి, గుంటలో డీజిల్ నింపండి. పోర్టుల్లో టార్చి వేసి చూడండి. చుక్క వాల్వు అంచు నుంచే వస్తోందా, ఇంకెక్కడి నుంచైనా వస్తోందా గమనించండి. డీకంప్రెసర్ కారినా ఎగ్జాస్ట్ వాల్వేనని పొరబడుతుంటాం.

గుంటూరు_పాతబండి
ఇన్లెట్ పోర్టు ఐదు నిమిషాలైనా పొడిగానే ఉంది. ఎగ్జాస్ట్ పోర్టులో ఇరవై సెకన్లకే ధార కట్టింది, వాల్వు అంచు నుంచే. వాల్వు తీసి చూస్తే ముఖం మీద ఒకచోట మూడు మి.మీ. వెడల్పున నల్లగా కాలి, గోరు పెడితే గాడి తగులుతోంది. దానికి ఎదురుగా సీటు మీద కూడా చిన్న చిన్న గుంటలు. మిగతా చుట్టంతా బూడిద రంగులో నునుపుగా ఉంది. పేస్టు పెట్టి రుద్దితే పోతుందా?

ఆటోనగర్_లేత్
పోదు. గోరుకు తగిలే గాడిని పేస్టుతో రుద్దాలంటే వాల్వు ముఖం లోపలికి గిన్నెలా అరుగుతుంది, సీటు వెడల్పవుతుంది. కొత్త ఎగ్జాస్ట్ వాల్వు వేయండి.
సీటుకు 45 డిగ్రీల కట్టరుతో గుంటలు పోయేంత వరకే కోయించండి. ఆనే పట్టీ 1.5 మి.మీ. ఉండేలా పైనా కిందా వేరే కోణాల్లో తగ్గిస్తారు. పట్టీ 2 మి.మీ. దాటితే నొక్కుడు పలచబడి మసి ఇరుక్కుంటుంది. 1 మి.మీ. కన్నా తక్కువైతే వాల్వు వేడి సీటులోకి దిగక మళ్ళీ కాలుతుంది. ఎగ్జాస్ట్ వాల్వుకు చల్లబడే దారి ముఖ్యంగా ఆ పట్టీయే.
కోయించేముందు గైడు (వాల్వు కాండం కదిలే గొట్టం) చూడండి. కొత్త వాల్వును గైడులో పెట్టి 10 మి.మీ. పైకెత్తి తలను పక్కలకు ఆడించండి. కంటికి కనపడేంత ఆట ఉంటే ముందు గైడు మార్చాలి. కట్టరు గైడును ఆధారం చేసుకునే తిరుగుతుంది. గైడు అరిగి ఉంటే సీటు ఒకపక్కకు తిరుగుతుంది, ఎంత రుద్దినా మూయదు.
చివర సన్న పేస్టుతో ల్యాపింగ్. రబ్బరు కప్పు కర్రను రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పుతూ, పది తిప్పులకోసారి వాల్వును ఎత్తి పావు చుట్టు జరిపి మళ్ళీ రుద్దాలి. చర చర శబ్దం సన్నబడిందంటే పేస్టు పని అయిపోయింది. చుట్టూ తెగకుండా ఒకే బూడిద రంగు గీత రావాలి. తర్వాత డీజిల్‌తో, సబ్బు నీళ్ళతో కడగండి. గైడులో పేస్టు రవ్వ మిగిలితే కొత్త కాండాన్ని అదే తినేస్తుంది.

మిర్చియార్డు_రైడర్
హెడ్డు ఎలాగూ దిగింది కాబట్టి బ్యారెల్ కూడా లేపి రింగులు మార్చేస్తే పోలా? మళ్ళీ మళ్ళీ విప్పే బాధ ఉండదు.

ఆటోనగర్_లేత్
నేను వద్దంటాను. బాగా కూర్చున్న రింగులను తీసి, అదే నునుపు బోరులో కొత్తవి వేస్తే అవి కూర్చోవు. అప్పుడు హోనింగ్ (బోరు గోడను సన్నగా గరుకు చేయడం) కూడా చేయాలి. కొలవకుండా చేసే పని కాదది.

ఫీలర్‌గేజ్
కొలిచి తేల్చుకోండి. బ్యారెల్ లేపక్కర్లేదు. పిస్టన్‌ను కిందికి దించి బోర్ డయల్ గేజ్‌తో మూడు లోతుల్లో కొలవండి. పై రింగు ఆగే చోటుకు కాస్త కింద, మధ్యలో, అడుగున. ఒక్కో లోతులో ముందు వెనకలుగా ఒకసారి, పక్కలకు ఒకసారి. బోరు ఎక్కువగా అరిగేది పైన, ముందు వెనకల దిక్కున. మిర్చి యార్డు రోడ్డు దుమ్ములో ఎయిర్ ఫిల్టరు లేకుండా తిరిగిన బండైతే ఆ అరుగుడు వేలితోనే తెలుస్తుంది, పైన మెట్టు తగులుతుంది.
బోరు ఎంత పెరిగితే రింగు రెండు కొసల మధ్య సందు దానికి 3.14 రెట్లు పెరుగుతుంది. 0.06 మి.మీ. అరిగితే సందు 0.19 పెరిగినట్టు. కొత్తలో 0.30 ఉన్నది 0.49 అవుతుంది, నేనైతే దాన్ని వదిలేస్తాను. అరుగుడు 0.15 దాటితే రింగులతో సరిపోదు, 0.50 ఓవర్‌సైజుకు బోరింగే.

గుంటూరు_పాతబండి
లేత్ షాపు నుంచి గేజ్ తెప్పించి కొలిచాం. పైన ముందు వెనకలు 70.06, పక్కలకు 70.03. మధ్యలో 70.04, అడుగున 70.01. గీతలు లేవు, మెట్టు లేదు.

ఆటోనగర్_లేత్
బ్యారెల్ ముట్టుకోకండి. పిస్టన్ తల మీద మసిని చెక్క ముక్కతో గీకండి. అంచు చుట్టూ ఉన్న సన్నటి మసి వలయాన్ని మాత్రం వదిలేయండి, ఆయిల్ పైకి రాకుండా కొంత ఆపుతుంది.

బెజవాడ_సింగిల్
ఎక్కించేటప్పుడు కొత్త హెడ్ గాస్కెట్ వేయండి. ఆయిల్ పైపు రాగి వాషర్లు పాతవే వాడాలంటే ఎర్రగా కాల్చి మెత్తబరచండి. నట్లు ఎదురెదురుగా మూడు విడతల్లో బిగించండి. ఇంకోటి, సీటు కోస్తే వాల్వు లోపలికి దిగి కాండం పైకి లేస్తుంది. పాత సెట్టింగుతోనే పుష్‌రాడ్ పెడితే బిగుసుకుని వాల్వు తెరుచుకునే ఉంటుంది. పుష్‌రాడ్ అడ్జస్టరును ముందే పూర్తిగా పొట్టి చేసి పెట్టుకుని, హెడ్డు బిగించాకే సెట్ చేయండి.

గుంటూరు_పాతబండి
పని అయింది. గైడు బాగానే ఉంది, సీటు కోయించి కొత్త ఎగ్జాస్ట్ వాల్వు వేశాం. డీజిల్ పరీక్షలో పదిహేను నిమిషాలు రెండు పోర్టులూ పొడి. బిగించాక గేజ్ మొదటి కిక్కుకు 60, చివరికి 98. వేడి మీద రెండో కిక్కుకే లేస్తోంది, సైలెన్సర్ చప్పుడు లేదు.

ఫీలర్‌గేజ్
రెండంకెలూ సరిగ్గా ఉన్నాయి. 250 కిలోమీటర్లు తిరిగాక, చల్లగా ఉన్నప్పుడు, ముందు హెడ్డు నట్లు, తర్వాత టాపెట్లు చూడండి. వరస మార్చొద్దు. హెడ్డు కిందికి దిగితే పుష్‌రాడ్ సందు మారుతుంది.

గుంటూరు_పాతబండి
విజయవాడ రెండుసార్లు వెళ్ళొచ్చాను, బారేజీ మీదుగా. 260 కిలోమీటర్లయ్యాయి. నట్లు రెండు కాస్త తిరిగాయి. ఎగ్జాస్ట్ పుష్‌రాడ్ మళ్ళీ బిగుసుకుంది, వేళ్ళతో కష్టంగా తిరుగుతోంది. ఇన్లెట్ మామూలే. ఇది మామూలేనా?

బెజవాడ_సింగిల్
మామూలే. కొత్త వాల్వు, కొత్తగా కోసిన సీటు ఒకదాన్నొకటి ఒరుసుకుని కొంచెం దిగుతాయి, నట్లు కూడా తిరిగాయి కదా. సులువుగా తిరిగేలా వదులు చేయండి. 500 దగ్గర ఒకసారి, 1000 దగ్గర ఒకసారి చూడండి. 1000 దాటాక కూడా ప్రతిసారీ బిగుస్తుంటే సీటు లోపలికి దిగిపోతోందని అర్థం, అప్పుడు సీటు రింగు మార్చాలి.

గుంటూరు_పాతబండి
వదులు చేసి మళ్ళీ కొలిచాను. 101.